ఐదో ఏటి ఒడిబియ్యం

కాలబోయే బస్సు ముందు నిలబడి టిఫిన్ డబ్బా కోసం నక్సలైట్లతో పోట్లాడిన కండక్టరు ఎవరని ఆర్మూర్‌లో అడిగితే, బస్టాండు గేటు దగ్గర చాయ్ అమ్మేవాడు కూడా నన్నే చూపిస్తాడు. నా పేరు మహేశ్వరి. నోరు పెద్దదంటారు. యాభై మంది పట్టే బస్సులో నూటపది మందిని ఎక్కించుకుని తిరిగేదానికి నోరు చిన్నగా ఉంటే బతకడం ఎట్లాగో వాళ్లే చెప్పాలి.

అది 2002. వాళ్లు బంద్‌కు పిలిచిన రోజు. అడవి మలుపులో చెట్టు కొట్టి రోడ్డుకు అడ్డంగా పడేశారు. ఏడెనిమిది మంది తుపాకులతో వచ్చి, "అందరు దిగుండ్రి. సామాన్లు మంచిగ దించుకోండ్రి. ఎవ్వలికి ఏం గాదు" అన్నారు. ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని మరీ దించారు. నేను టికెట్ల పెట్టె పట్టుకుని దిగాను గానీ, నా డబ్బా సీటు కిందే ఉండిపోయింది. అప్పటికే లోపల డీజిల్ చల్లుతున్నారు.

"ఓ అన్నల్లారా! మీ కోపం సర్కారు మీద. నా పప్పుచారు ఏం పాపం చేసింది?" అని గొంతు చించుకున్నాను.

గుంపులో ఒక అమ్మాయి నవ్వాపుకోలేక, గబగబా బస్సెక్కి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. ముఖం దగ్గరగా చూశాను. స్వర్ణ! ఆలూర్ ఎంకవ్వ బిడ్డ. స్టూడెంట్ పాసు మీద రెండేళ్లు నా బస్సులో ఆర్మూర్ కాలేజీకి వచ్చి, కిటికీ సీటు కోసం రోజూ నాతో గొడవ పడ్డ పిల్ల. ఇంటర్ పరీక్ష రాసి వస్తానని పోయి అయిదేళ్లుగా తిరిగి రాలేదు.

"స్వర్ణా! నువ్వానే?"

"మెల్లగ, అక్కా. గీడ నా పేరు నీల." అటూ ఇటూ చూసింది. "అవ్వకు చెప్పు. మంచిగనే ఉన్న. పెండ్లయి గూడ మూడేండ్లయింది."

వెనక నా బస్సు భగ్గుమంది. ఆ బస్సును నేను ఎన్ని తిట్లు తిట్టినా, అది మండుతుంటే మాత్రం ఏడుపొచ్చింది. ఆ పిల్ల మీద కోపం, ఆ పిల్ల బతికి ఉందన్న సంతోషం, రెండూ ఒకేసారి వచ్చి నన్ను ఆగమాగం చేశాయి.

మర్నాడు పొద్దున్నే పసుపు మార్కెట్‌కు పోయాను. ఎంకవ్వ అక్కడ కూలికి పసుపు ఏరుతుంది. కొమ్ములు ఒక కుప్ప, గుండ్రంగా ఉండే గోళ ఒక కుప్ప. ఇరవై ఏళ్లుగా అదే పని. మోచేతుల దాకా ఆమె చేతులు పచ్చగానే ఉంటాయి, ఎంత రుద్దినా ఆ రంగు పోదు. మొగుడు పోయాక ఆ చేతులతోనే బిడ్డను చదివించింది. పక్కకు పిలిచి చెప్పాను. ఏడుస్తుందనుకుని నా కొంగు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె ఏడవలేదు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"మూడేండ్లయిందా పెండ్లయి? అయితే మూడో ఏడు ఒడిబియ్యం తప్పిపాయె" అంది. "అయిదో ఏడు తప్పనియ్య."

ఇదీ మా వైపు తల్లుల వరస. పెళ్లయిన బిడ్డకు బేసి సంవత్సరంలో పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోయాలి. చీర పెట్టాలి, గాజులు తొడగాలి, అల్లుడికి బట్టలు పెట్టాలి. నువ్వు మా ఇంటి బిడ్డవే అని చెప్పడం అన్నమాట. ఎంత పేదరాలైనా అప్పోసప్పో చేసి పోస్తుంది. కానీ అడవిలో తిరిగే బిడ్డకు ఏ ఊరికి పోయి పోస్తావు, ఏ పేరు పెట్టి పిలుస్తావు?

ఆ సంగతే మా డ్రైవరు దయానంద్‌తో అంటే స్టీరింగ్ మీద చెయ్యి వేసి నవ్వాడు. ఆయన మిలటరీలో పదిహేడేళ్లు లారీ తోలి వచ్చినవాడు. దేశం మూలమూలలా తుపాకులు చూసినవాడు.

"అస్సాంల గిట్ల గాదు మహేశ్వరమ్మా. ఆడ రోడ్డు కింద బాంబు పెట్టి పోతరు. పెట్టినోని మొఖం గూడ కనవడదు. నా పక్క సీటోడు గట్లనే పోయిండు. కాశ్మీర్ల పొద్దుగాల రోడ్డు పొడుగూత ఎతికినంకనే మా బండ్లు కదిలేటియి. గీడనేమో నిన్ను దించి, డబ్బా చేతికిచ్చి, అప్పుడు బస్సు కాలవెట్టిండ్రు."

"అయితే మనోళ్లు మంచోళ్లంటవా?"

"ఎవలన్నరు? బస్సు కాలవెట్టుడు మంచి పనా? ఇన్‌ఫార్మర్ అని మనిషిని సంపుడు మంచి పనా? ఏడ ఏ బాధల పుట్టిందో ఆడ ఆ తీరుంటది అంటున్న. అందరిని ఒక్క గాటికి కట్టకు."

నాకూ తెలుసు. అన్నలు చంపినవాళ్ల తల్లులు నా బస్సులోనే తిరిగారు. పోలీసులు చంపినవాళ్ల తల్లులూ నా బస్సులోనే తిరిగారు. ఒకే సీటులో పక్కపక్కన కూర్చున్న రోజులూ ఉన్నాయి. ఇద్దరికీ నేను అదే టికెట్ కొట్టాను.

తర్వాత 2004 వచ్చింది. సర్కారుకూ అన్నలకూ మాటలు మొదలయ్యాయి, రెండు వైపులా కాల్పులు ఆపారు. ఆ మాటలు ఎన్నాళ్లు నిలుస్తాయో ఎవరికీ తెలియదు, కానీ ఆ కొన్ని నెలలు మా పల్లెలు ఎంత తేలికపడ్డాయో చెప్పలేను. చీకటి పడితే తలుపు తీయనివాళ్లు అరుగుల మీద కూర్చున్నారు. అన్నలు పగటిపూటే ఊళ్లలోకి వచ్చి మీటింగులు పెట్టారు. ఒకనాడు, భీమ్‌గల్ అవతల అడవి అంచున ఒక తండాలో మీటింగ్ ఉందని, మా బస్సు అక్కడికే పోతుందని తెలిసింది.

ఆలూర్ స్టేజీలో ఎంకవ్వ బియ్యం సంచితో నిలబడి ఉంది. కొత్త చీర కట్టుకుంది. సంచిలో ఐదుంబావు శేర్ల బియ్యం, అయిదు ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, ఒక ఆకుపచ్చ చీర, ఎప్పుడూ చూడని అల్లుడికి ప్యాంటు షర్టు బట్ట. విడిగా కిలో పసుపు, మార్కెట్‌లో తన చేతులతో ఏరిన కొమ్ములు పట్టించింది.

"పేరు తెల్వదు, జాగ తెల్వదు, ఉన్నదో లేదో తెల్వదు. గింత సామానా?" అన్నాను.

"పేరు నీకు తెలుసు గద! నువ్వుండంగ నాకేం ఫికర్?" అంది.

పక్కనే గాజుల డబ్బాలతో షహర్బానో. ఆర్మూర్ చుట్టుపక్కల ఆమె గాజు తొడగని చెయ్యి లేదు. "మీటింగ్‌ల నీ గాజులు ఎవలు కొంటరే?" అని అడిగాను.

"అల్లా జానే. ఆడోళ్లు ఉంటరు కదా? చేతులు ఉంటయి కదా?" అని ఎక్కి కూర్చుంది.

తండా చేరేసరికి పన్నెండున్నర. రెండింటికి తిరిగి బయలుదేరాలి. దయానంద్ నన్ను పక్కకు పిలిచి, "రెండింటికి టైరు సూస్త. ఇగ దాన్ని విప్పుడు, బిగించుడు, మూడు దాక నడుస్తది. గంతకన్న నా చేత గాదు" అన్నాడు. టైరుకు ఏ రోగమూ లేదు. నేనేమీ వినలేదు, మీరూ వినలేదు.

తండా మొదట్లో ఒక సన్నటి కుర్రవాడు తుపాకీ తగిలించుకుని అందరి సంచులూ చూస్తున్నాడు. మా వైపువాడు కాదు, మాటలోనే తెలుస్తోంది. ఎంకవ్వ సంచి విప్పి, పసుపు పొట్లం కొంచెం తెరిచి, బియ్యంలో మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. ఇక చూడాలి ఎంకవ్వను.

"నీ చెయ్యిర్గ! శుభానికి తెచ్చిన బియ్యంల చెయ్యి పెడ్తవా? బాంబున్నదా గండ్ల? అత్తసొమ్మనుకున్నవా కెలుకనీకి?"

"అమ్మా, డ్యూటీ" అన్నాడు వాడు భయం భయంగా. చేతికి పసుపు అంటుకుంది. ప్యాంటుకు తుడుచుకుంటే ప్యాంటుకూ అయింది.

"నీలక్క కావాలె" అన్నాను నేను. వాడు ఒక్కసారి నిటారుగా నిలబడి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. లోపలికి పరుగెత్తాడు.

అయిదు నిమిషాలకు స్వర్ణ వచ్చింది. ఆకుపచ్చ ప్యాంటు, చొక్కా, జడ పైకి మడిచి కట్టింది, భుజాన తుపాకీ. ముందు నన్ను చూసి నవ్వింది. తర్వాత నా వెనక ఉన్న మనిషిని చూసి ఆగిపోయింది.

ఎంకవ్వ బిడ్డ ముఖం పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. చెవులు చూసింది, మెడ చూసింది, చేతులు చూసింది. "నల్లగైనవ్" అంది. "బక్కగైనవ్" అంది. తర్వాత ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. షహర్బానో నాకంటే గట్టిగా ఏడ్చింది, ఆ పిల్లను ఆమె అంతకుముందు చూసింది కూడా లేదు.

కాసేపటికి ఎంకవ్వ కళ్లు తుడుచుకుని, "పీట ఉన్నదా? కూసో. నీ మొగన్ని పిలు. టైం లేదు" అంది.

స్వర్ణకు అర్థమై వెనక్కి జరిగింది. "అవ్వా, వద్దు. మాకు గివి లేవు. పెండ్లి గూడ గిట్ల చేసుకోలే. అందరి ముందట చేతులు కలుపుకున్నం, గంతే. పసుపు గూడ పెట్టుకోలే."

"పసుపు పెట్టుకోలేదా!" ఎంకవ్వ గొంతు తండా అంతా వినబడింది. "ఆర్మూర్ పక్కపొంటి పుట్టి! మన పసుపు దేశదేశాలకు పోతది, ఏ ఊరి పెండ్లికైనా పోతది. నా బిడ్డ పెండ్లికి పోలేదా? అయిదో ఏడే ఇది. మల్ల రెండేండ్లకు నేనెక్కడ, నువ్వెక్కడ? నువ్వు పోసుకోకుంటే ఈ బియ్యం నేను ఇంటికి మోసుకపోవాన్నా? తిరిగి తెచ్చిన ఒడిబియ్యం ఏ పొయ్యి మీద ఎక్కియ్యాలె నేను?"

స్వర్ణ తల వంచుకుంది. తర్వాత మెల్లగా అంది. "నమ్మకం లేకనే కాదు అవ్వా. అగో, అటు సూడు."

చింతచెట్ల కింద పదిమంది ఆడపిల్లలు వరసగా నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. అందరివీ అవే బట్టలు. ఇరవై దాటనివాళ్లే ఎక్కువ.

"నాతోని పదకొండు మందిమి. ఏడేడికెల్లో అచ్చినోళ్లు. వాళ్ల తల్లులు రాలేరు. నా ఒక్కదానికే నువ్వు పోస్తే, రేపటి సంది వాళ్ల మొఖం నేనెట్ల సూడాలె?"

ఎంకవ్వ ఆ పిల్లల వైపు చూసింది. సంచి వైపు చూసింది. బియ్యం ఐదుంబావు శేర్లే. నాకు తెలిసి ఆమె జీవితంలో అంత తక్కువ సేపు ఆలోచించి చేసిన పని ఇంకోటి లేదు.

"ఓ మహేశ్వరీ! ఏం సూస్తున్నవ్ బిడ్డా, బియ్యం తే! పదకొండు మందికి పోయాలె" అంది.

నా నోరు దేవుడు ఇందుకే ఇచ్చాడేమో. బస్సు దగ్గరికి పోయి ఒక్క కేక వేశాను. వచ్చిన ఆడవాళ్లందరూ కదిలారు. తండాలో ఇంటింటికీ పోయి గంపలు, చాటలు పట్టుకొచ్చారు. దొడ్డు బియ్యం, సన్న బియ్యం, రేషన్ బియ్యం అన్నీ ఒక్కచోటే కుప్ప పడ్డాయి. ఎంకవ్వ కిలో పసుపూ పోసి రెండు చేతులా కలిపింది. చేతుల రంగు ఏదో, బియ్యం రంగు ఏదో తెలియలేదు.

"పెండ్లి కానోళ్లకు గూడ పోస్తరా?" అని ఒక ముసలామె గొణిగింది.

"పెండ్లి కాకుంటే ఆడిబిడ్డ కాకపాయెనా? జరుగు" అంది ఎంకవ్వ.

స్వర్ణ చేత్తో సైగ చేసి అందర్నీ పిలిచింది. పిల్లలందరూ నవ్వుకుంటూ వచ్చి వరసగా కూర్చున్నారు. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. ఒక్కదానికీ కొంగు లేదు. అందరూ తువ్వాళ్లు విప్పి ఒళ్లో పరిచారు. కానీ వాటి మీద తుపాకులు.

"ఒడిల తుపాకి ఉంటే బియ్యమేడ పోయాలె?" అంది ఎంకవ్వ.

తుపాకీ పక్కన పెట్టడం వాళ్లకు కుదరదట. దయానంద్ టైరు వదిలేసి ఎప్పుడు వచ్చాడో గానీ, "పదిహేడేండ్లు పట్టిన. జరసేపు నాకియ్యి బిడ్డా, సంబాలిస్త" అన్నాడు.

"నువ్వు మిలటరోడివి గదనే, వద్దే వద్దు!" అని స్వర్ణ నవ్వింది. అందరూ నవ్వారు, దయానంద్ కూడా. చివరికి మగపిల్లలు వచ్చి తలా ఒకటి పట్టుకున్నారు. స్వర్ణ పక్కన మాత్రం ఇందాకటి సన్నటి కుర్రవాడు వచ్చి కూర్చున్నాడు, రెండు తుపాకులూ తనే పట్టుకుని.

"గీడ అల్లుడు కూసోవాలె, లే" అంది ఎంకవ్వ.

"గాయినే అవ్వా" అంది స్వర్ణ. "మాన్కు. గడ్చిరోలి దిక్కు గోండు పిలగాడు."

నాకు నవ్వాగలేదు. ఎంకవ్వ వాడి పచ్చటి చెయ్యి చూసింది, ప్యాంటు మీది మరక చూసింది. "అత్తసొమ్మే గదా" అని నాలుక కరుచుకుంది. వాడు తల ఎత్తితే ఒట్టు.

పోయడం మొదలైంది. ఎంకవ్వ స్వర్ణ ముందు కూర్చుని నుదుట బొట్టు పెట్టి, రెండు దోసిళ్లతో బియ్యం ఒళ్లో పోసింది. కుడుకలు పెట్టింది. ఆకుపచ్చ చీర భుజం మీద కప్పింది. షహర్బానో డబ్బా తెరిచి గాజులు తీస్తే, "వద్దమ్మా, అడవిల చప్పుడైతది" అంది స్వర్ణ.

"హాయ్ అల్లా, గంతేనా? రబ్బరు గాజులున్నయి. మోగుమన్నా చప్పుడు జెయ్యయి!" అని నల్ల రబ్బరు గాజులు తీసి, ఒక్కదాని దగ్గరా పైసా తీసుకోకుండా పదకొండు మందికీ తొడిగింది. స్వర్ణ చీరను పట్టుకుని పదకొండు ముక్కలు చేయమంది. "కొత్త చీర చింపుతరా పిచ్చిదానా?" అని నేను అరుస్తుండగానే ఎంకవ్వే పళ్లతో అంచు కొరికింది.

"నీదే ఊరు బిడ్డా?" అని అడుగుతూ ఒక్కొక్కరికీ పోసింది ఎంకవ్వ.

"మాది పలాస అవతలమ్మా. నాకెవరూ నేరు" అంది ఒకమ్మాయి. సముద్రం వైపు మాట.

ఇంకొకామె నల్లమల నుంచి. ఇద్దరు ఆదిలాబాద్ గూడేల నుంచి. ఒకరు మానేరు ఒడ్డున. చివర కూర్చున్న పిల్లకు పదిహేడు ఉంటాయేమో, తెలుగు రాదు. బస్తర్ నుంచి వచ్చిందని మాన్కు చెప్పాడు. బియ్యం ఎందుకు పోస్తున్నారో వాళ్ల భాషలో వివరించాడు. ఆ పిల్ల విని, ఒడి వైపు, ఎంకవ్వ వైపు చూసి, ఏదో అడిగింది.

"వాపసు తీసుకుంటరా అని అడుగుతున్నది" అన్నాడు మాన్కు.

"తీసుకోరని చెప్పు" అంది ఎంకవ్వ.

బస్సు హారన్ మోగింది. మూడయింది. పిల్లలు తువ్వాళ్లు మూటగట్టుకుని లేచారు. ఎంకవ్వ సంచి మడుచుకుంటుంటే స్వర్ణ వచ్చి ఎదురుగా నిలబడింది.

"అవ్వా, కొంగు పట్టు" అంది.

పోసుకున్న బిడ్డ తన ఒడిలో నుంచి అయిదు పిడికిళ్లు తల్లికి తిరిగి పోయాలి. తల్లిగారిల్లు ఖాళీ కావద్దని. ఆ మాట ఎంకవ్వ చెప్పలేదు, నేను చెప్పలేదు. ఇవన్నీ మాకు లేవని చెప్పిన పిల్ల, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ అయిదు పిడికిళ్లు తల్లి కొంగులో పోసి, "మా అవ్వగారిల్లు సల్లగుండాలె" అంది.

ఎంకవ్వ కొంగు ముడి వేసుకోబోయింది.

"ఆగమ్మా" అంది పలాస పిల్ల. వచ్చి తన మూట విప్పి అయిదు పిడికిళ్లు పోసింది. దాని వెనక నల్లమల పిల్ల. దాని వెనక ఇంకొకామె. అందరూ వరస కట్టారు. బస్తర్ పిల్ల ముందున్నవాళ్లను చూసి చూసి, తన వంతు రాగానే సరిగ్గా అయిదే పోసింది. కొంగు బరువుకు జారిపోతుంటే రెండో కొస నేను పట్టుకున్నాను.

సంచిలో పోసుకోమని దయానంద్ అంటే ఎంకవ్వ వినలేదు. ఆ కొంగు ఒళ్లో పెట్టుకునే బస్సులో కూర్చుంది. టైరు బాగుపడింది. బయలుదేరాం. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, నవ్వుతున్నారు. నేను జనంలో నుంచి దూరుకుంటూ టికెట్లు కొడుతున్నాను.

భీమ్‌గల్‌లో ఒక ముసలాయన ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాడు. "ఏందవ్వా, గిన్ని ఒడిబియ్యం? ఎందరు బిడ్డలు నీకు?" అని అడిగాడు.

"పదకొండు మంది" అంది ఎంకవ్వ.

"పదకొండా! ఏడేడ ఇచ్చినవ్?"

"ఒకామె పలాస దిక్కు, సముద్రం కాడ. ఒకామె నల్లమలల. ఇద్దరు ఆదిలాబాద్ గూడేలల్ల. ఒకామె మానేరు ఒడ్డుకు..." వేళ్లు మడుస్తూ చెప్పుకుంటూ పోయింది. ఒక్క ఊరూ మర్చిపోలేదు. "చిన్నామె బస్తర్ల. పాపం, దానికి మన మాట రాదు."

ముసలాయన కూడా వేళ్ల మీద లెక్కపెట్టాడు. "పది మందే అయిరి గదనే. ఇంకొకామె?"

"స్వర్ణ" అంది ఎంకవ్వ. "గామె ఆలూర్ పిల్లనే. గామె నా కడుపున పుట్టింది."